ముంజేతి ఎముకలు విరిగితే: అపోహలు - వాస్తవాలు

"కట్టు కడితే అతుక్కోదా డాక్టర్‌గారూ?"

అతుక్కుంటుంది. ఎలా అతుక్కుంటుందన్నదే సమస్య. ముంజేతిలో రెండు ఎముకలున్నాయి. అరచెయ్యి తిప్పినప్పుడల్లా బొటనవేలి వైపున్న ఎముక (రేడియస్) చిటికెనవేలి వైపున్న ఎముక (అల్నా) చుట్టూ తిరుగుతుంది. వంకరగా అతికితే ఆ తిరుగుడు తగ్గిపోయి, తీర్థానికి చెయ్యి పట్టడం కూడా కష్టమవుతుంది. పెద్దవాళ్లకి ప్లేట్లు, స్క్రూలు వేసేది అందుకే. పిల్లల్లో కొంత వంకర ఎదిగేకొద్దీ సర్దుకుంటుంది కాబట్టి చాలామందికి పిండికట్టు చాలు.

"రాత్రికి రాత్రే ఆపరేషన్ చేయించాలి"

చర్మం చిట్లకపోతే, వేళ్లు బాగా కదులుతుంటే, కొన్ని రోజులు ఆగినా ఫర్వాలేదు. ఎముక బయటికొస్తే మాత్రం మొదటి గంటలోనే యాంటీబయాటిక్ పడాలి, ధనుర్వాతం రాకుండా టీటీ ఇంజెక్షన్ కూడా. తర్వాత వీలైనంత త్వరగా గాయం కడిగి, చచ్చిన కండ తీసేయాలి. దయచేసి పసుపు, కాఫీపొడి అద్దకండి. శుభ్రమైన గుడ్డ కప్పి తీసుకురండి, అంతే.

అర్ధరాత్రయినా పరిగెత్తాల్సిన సందర్భం ఇంకోటుంది. కట్టు కట్టాక నొప్పి పెరుగుతూ పోయి, వేలు చాపితే ప్రాణం పోతున్నట్టుంటే, కట్టు ఎవరు వేసినా సరే, మేం వేసినా సరే, వెంటనే రండి. నాడి కొట్టుకుంటోందని ధైర్యం తెచ్చుకోవద్దు. లోపల ఒత్తిడి పెరిగి కండకి రక్తం అందకపోతే కొన్ని గంటల్లోనే అది చచ్చిపోతుంది. వేళ్లు శాశ్వతంగా ముడుచుకుపోతాయి.

"పోయిన ఎముక మళ్లీ పుట్టదు"

పుడుతుంది. సైబీరియాలోని కుర్గాన్‌లో ఇలిజరోవ్ అనే డాక్టర్ 1950లలోనే చూపించారు. ఎముకని కోసి, చుట్టూ రింగులు బిగించి, మెల్లగా ఎడం చేస్తూ పోతే మధ్యలో కొత్త ఎముక వస్తుంది. రోజుకి 1 మిల్లీమీటరే, అదీ నాలుగు విడతలుగా. తొందరపడితే ఎముక సరిగా పుట్టదు, మరీ నెమ్మదిస్తే ముందే అతుక్కుపోతుంది. 4 సెంటీమీటర్లకి 40 రోజులు, అది గట్టిపడడానికి ఇంకా కొన్ని నెలలు. ముంజేతిలో చిన్న ఖాళీ అయితే తుంటి ఎముక నుంచి కొంత తీసి నింపుతాం. చీము పట్టి ఉంటే ముందు దాన్ని పూర్తిగా శుభ్రం చేసి, యాంటీబయాటిక్ కలిపిన సిమెంటు (ఎముకల ఆపరేషన్లలో వాడేది) ముద్ద పెడతాం. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో దాని చుట్టూ ఓ పొర ఏర్పడుతుంది. అప్పుడు ముద్ద తీసేసి, ఆ పొరలో ఎముక నింపుతాం.

"పప్పు తింటే చీము పడుతుంది"

పడదు. పప్పు, గుడ్లు, పెరుగు బాగా తినండి. మానాల్సింది బీడీ, సిగరెట్!

"ఎక్స్‌రేలో కొత్త ఎముక కనపడట్లేదు"

ప్లేటుతో కదలకుండా బిగించినప్పుడు విరిగిన చోట కొత్త ఎముక ముద్దలా కట్టకుండానే అతుకుతుంది, టెన్షన్ వద్దు. ప్లేటు ఇబ్బంది పెట్టకపోతే తీయించుకోవాల్సిన పని కూడా లేదు. తీయిస్తే స్క్రూ రంధ్రాల దగ్గర మళ్లీ విరిగే ప్రమాదం ఉంది, కొన్ని నెలలు బరువులెత్తకూడదు.