ఒంట్లో తయారయ్యే బ్లీచింగ్

"యాంటీ ఆక్సిడెంట్ క్యాప్సూల్స్ వాడితే కీళ్ల వాపు తగ్గుతుందా అండీ" అని ఒకావిడ అడిగారు, ఫ్రీ రాడికల్స్ అంటే విషమని, ఇవి వేసుకుంటే అంతా కడిగేస్తాయని మందుల షాపతను చెప్పాడట. దీనికి జవాబు చెప్పాలంటే ముందు చీము గురించి మాట్లాడుకోవాలి, తింటూ చదివేవాళ్లు కాసేపాగి రండి.

ముదిరిన చీము, జలుబు తగ్గే ముందు వచ్చే చీమిడి కొంచెం ఆకుపచ్చగా ఉంటాయి కదా. చాలాసార్లు ఆ రంగు క్రిములది కాదు, మన న్యూట్రోఫిల్స్‌లో (తెల్లకణాల్లో ఒక రకం) ఉండే మయిలోపెరాక్సిడేజ్ అనే ఎంజైముది. స్కూల్లో తెల్లకణాలు క్రిముల్ని తినేస్తాయని చెప్పి వదిలేస్తారు, తిన్నాక ఎలా చంపుతాయో చెప్పరు, అసలు మజా అంతా అక్కడే ఉంది. క్రిమిని మింగగానే ఆ కణం ఒక్కసారిగా ఆక్సిజన్ గుంజుకుంటుంది, ఎన్ఏడీపీహెచ్ ఆక్సిడేజ్ అనే ఎంజైము ఆ ఆక్సిజన్‌కి ఒక ఎలక్ట్రాన్ తగిలిస్తే సూపరాక్సైడ్ (షాపతను విషమన్న ఫ్రీ రాడికల్స్‌లో ఇదొకటి), అందులోంచి హైడ్రోజన్ పెరాక్సైడ్, దానికి ఒంట్లోని క్లోరైడ్ కలిపి మయిలోపెరాక్సిడేజ్ తయారుచేసేది హైపోక్లోరస్ ఆమ్లం. వానాకాలంలో పంచాయతీ వాళ్లు బావిలో బ్లీచింగ్ పౌడర్ వేస్తే నీళ్లలో క్రిముల్ని చంపేది కూడా ఇదే! పోలిక కోసం చెప్పట్లేదు, నిజంగా అదే పదార్థం.

బ్లీచింగ్‌కి మనవాడు పరాయివాడు అని తేడా తెలీదు. బయటికి ఒలికిందంటే పక్కనున్న మన ప్రొటీన్లు, కొవ్వులు, డీఎన్ఏ కూడా దెబ్బతింటాయి, ఆక్సిడేటివ్ స్ట్రెస్ అనేది ఇదే. ఆ దెబ్బకి పక్క కణాల్లో ఐకాపాబీ అనే ప్రొటీన్ అప్పటిదాకా కట్టేసి ఉంచిన ఎన్ఎఫ్-కాపాబీ అనే ఇంకో ప్రొటీన్ విడుదలై, న్యూక్లియస్‌లోకి వెళ్లి టీఎన్ఎఫ్, ఐఎల్-6, ఐఎల్-8 అనే వాపు సిగ్నల్స్ తయారుచేసే జీన్లని ఆన్ చేస్తుంది. ఐఎల్-8 పని ఏంటంటే ఇంకొన్ని న్యూట్రోఫిల్స్‌ని పిలవడం. అవి వస్తూ ఇంకొంత బ్లీచింగ్ తెస్తాయి! రుమటాయిడ్ ఆర్థరైటిస్ (ఒంటి రక్షణ వ్యవస్థే కీళ్ల మీద పడే జబ్బు) ఉన్నవాళ్ల కీళ్లలో, పొగతాగేవాళ్ల ఊపిరితిత్తుల్లో ఇదే తిరుగుతూ ఉంటుంది, ఏది ముందు ఏది వెనక అని విడదీయడం కష్టం.

అయితే సూపరాక్సైడ్, బ్లీచింగ్ లాంటి ఈ ఆక్సిడెంట్లని తీసేస్తే సరిపోద్ది కదా అంటారా? పుట్టుకతోనే అలా ఉన్న పిల్లలున్నారు. క్రానిక్ గ్రాన్యులోమేటస్ డిసీజ్ అని, జీన్ లోపం వల్ల ఆ మొదటి ఎంజైమే (ఎన్ఏడీపీహెచ్ ఆక్సిడేజ్) పనిచేయదు. మాటిమాటికీ స్టాఫ్ (స్టాఫిలోకాకస్ అనే బ్యాక్టీరియా), ఫంగస్ ఇన్ఫెక్షన్లు వస్తాయి, పుట్టగానే మనం వేయించే బీసీజీ టీకాలోని బతికున్న క్రిమి కూడా కొందరిలో ముదిరిపోతుంది. ఇదంతా ఊహించేదే. ఊహించనిది ఏంటంటే వీళ్లకి వాపు తగ్గకపోగా పెరుగుతుంది, ఒంట్లో గడ్డలు కడతాయి, ఇన్ఫెక్షన్ లేకపోయినా పేగులు వాస్తాయి. అంటే వాపుని ఇక చాలు ఆపమని చెప్పే సిగ్నల్స్‌లో కూడా ఈ ఆక్సిడెంట్ల చెయ్యి ఉందన్నమాట. నాకు ఈ సబ్జెక్ట్ మొత్తంలో దీన్ని మించిన విషయం లేదు.

మాత్రల సంగతికొస్తే, ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్ల మీద పెద్ద ట్రయల్ చేశారు, 1994లో ఫలితాలొచ్చాయి. రోజుకి 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ (క్యారెట్‌లో ఉండే యాంటీ ఆక్సిడెంట్) వేసుకున్నవాళ్లలో లంగ్ క్యాన్సర్ తగ్గలేదు సరికదా 18 శాతం ఎక్కువొచ్చింది. క్యారెట్ తినడం వేరు, దాన్ని డోసు కట్టి మింగడం వేరు.

కాబట్టి అమ్మా, ఆ క్యాప్సూల్స్ డబ్బులు దాచుకుని ముందు అది ఏ వాపో తేల్చుకోండి, రుమటాలజిస్టు (కీళ్లవాతం డాక్టరు) సీఆర్‌పీ, ఆర్ఏ ఫ్యాక్టర్ లాంటి రక్త పరీక్షలు రాస్తారు. రుమటాయిడ్ అని తేలితే టీఎన్ఎఫ్‌నో ఐఎల్-6నో ఆపే మందులు కూడా ఉన్నాయి, అవి బ్లీచింగ్ జోలికి పోకుండా ఆ పిలుపుల్ని ఆపుతాయి.