గండి పూడ్చిన చోటు

చిరంజీవులు బుజ్జికీ, చిన్నోడికీ తాతయ్య ఆశీర్వదించి రాసే ఉత్తరం.

ఇక్కడ అందరం క్షేమం. గోదారికి ఎర్రనీళ్ళు దిగుతున్నాయి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి వచ్చిందని నిన్న మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారు. నాన్నమ్మ టెన్షన్ పడి బియ్యం బస్తా అటకెక్కించమంటోంది. రెండోది 13.75కి, మూడోది 17.75కి, అంతదాకా రాదులే అన్నాను. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు దిగినప్పుడు ఏటిగట్టు మీద పడుకున్న మనిషి ఆవిడ. నేను చెబితే వింటుందా?

చిన్నోడి భీముడి వేషం వీడియో పదిసార్లు చూశాం. మీసం ఒక పక్క ఊడి వేలాడుతున్నా పద్యం ఆపకుండా లాగించావు చూడు, అదీ నాకు నచ్చింది. ‘కురువృద్ధుల్’ అని ఎత్తుకోగానే నాన్నమ్మ కళ్ళు తుడుచుకుంది. జూదంలో ఓడాక ద్రౌపదిని సభకీడ్చిన దుశ్శాసనుడి నెత్తురు తాగుతానని భీముడు శపథం చేసే ఆ పద్యం నన్నయ్యగారిది. పదకొండో శతాబ్దంలో రాజరాజ నరేంద్రుడి కొలువులో, మన రాజమండ్రిలోనే రాశాడు. అంటే ఆ జూదం కథ భారతంలో మొదట తెలుగులోకి వచ్చింది మనం తాగే ఈ గోదారి నీళ్ళ ఒడ్డునే.

ఆ వీడియో చూశాక ఫోన్లో బుజ్జి ఒక ప్రశ్న వేసింది. “తాతయ్యా, ధర్మరాజు జూదం ఆడాడు. తమ్ముళ్ళని పెట్టాడు, ద్రౌపదిని కూడా పెట్టాడు. తప్పు వాళ్ళదీ ఉంది కదా! మరి భీముడు పగ తీర్చుకుంటానంటే అందరూ చప్పట్లు ఎందుకు కొట్టారు?” నేను “సిగ్నల్ సరిగా లేదమ్మా, ఉత్తరం రాస్తాలే” అన్నాను. సిగ్నల్ బాగానే ఉంది. జవాబు లేక అలా అన్నాను.

బుజ్జమ్మా, నీకంటే ముందు ఆ ప్రశ్న ద్రౌపదే అడిగింది. నన్ను ఓడేముందే తనను తాను ఓడిపోయినవాడికి నన్ను పందెం పెట్టే హక్కెక్కడిది అని నిండుసభలో నిలదీసింది. భీష్ముడంతటివాడు తేల్చలేకపోయాడు. మీ భీముడైతే అన్నగారి చేతులు కాల్చేస్తాను నిప్పు పట్టుకురా అని సహదేవుణ్ణి పిలిచాడు, అర్జునుడు సర్దిచెప్పాడు. కాబట్టి పాండవుల తప్పుని కథ దాచిపెట్టలేదు. వాళ్ళ నోటితోనే చెప్పించింది.

ఇక నా సంగతి చెబుతాను. ఇది నాన్నమ్మకి కూడా తెలీదు.

1964. నాకు పన్నెండేళ్ళు. మృగశిర కార్తె వెళ్ళాక కాలవలకి నీళ్ళు వదిలారు. ఊరంతా సార్వాకి ఆకుమళ్ళు పోసుకుంటున్నారు. (మీ పుస్తకాల్లో నారుమడి అంటారు, మనవైపు ఆకుమడి.) మా చేను బోదెకి (చేలకి నీళ్ళు తెచ్చే పిల్లకాలవ) ఇవతల, అవతల ఇంకొకాయనది. ఆయన పేరెందుకులే. ఆ చేను మెరక. దానికి దిగువన, పల్లంలో, ఒక మామ్మగారి అరెకరం. భర్త పోయాడు, పిల్లల్లేరు. మాకేం చుట్టం కాదు గానీ ఊళ్ళో పిల్లలందరికీ ఆవిడ మామ్మే. తేగలు కాల్చి పెట్టేది.

నీళ్ళు వంతులవారీగా పెట్టుకోవాలి. ఆ రాత్రి వంతు మాది. అవతలాయన మా తూముకి గోనెసంచి కుక్కి, నీళ్ళు తన చేలోకి తిప్పుకున్నాడు. పొద్దున్న మా నాన్న వెళ్ళి అడిగితే ఆయన నలుగురిలో ఒక మాటన్నాడు: “గట్టు చెక్కుకునేవాళ్ళకి వంతొకటా?”

చెక్కడమంటే తెలుసా? రెండు చేలకీ మధ్య ఉన్న గట్టుని ఏటా దమ్ము చేసేటప్పుడు పారతో మన వైపు కాస్త గీరుతారు. ఏడాదికి వేలెడు. పదేళ్ళు పోతే గట్టు సన్నబడుతుంది, మన చేను ఒక సాలు పెరుగుతుంది. ఇంకో పక్క చేనుతో మాకున్న గట్టుని మా నాన్న అలాగే గీరేవాడు. నేను చూశాను. అందుకని ఆ మాటకి నాన్న తల దించుకుని వచ్చేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన అబద్ధం చెప్పి ఉంటే అంత మండేది కాదేమో.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. మేము గట్టు చెక్కినవాళ్ళమే. అంతమాత్రాన మా వంతు నీళ్ళు ఎవరైనా ఎత్తుకుపోవచ్చా? పోకూడదు. ఏ తప్పూ చెయ్యనివాడే అన్యాయం జరిగిందని అడగాలంటే ఊళ్ళో ఒక్కడికీ నోరెత్తే హక్కుండదు. గట్టు లెక్క గట్టుది, నీళ్ళ లెక్క నీళ్ళది. ధర్మరాజు జూదమాడాడు కాబట్టి ద్రౌపదిని జుట్టు పట్టి ఈడ్చుకురావచ్చని కాదు. ఇంతవరకూ నా జవాబులో నాకు అనుమానం లేదు.

ఆ రాత్రి అందరూ పడుకున్నాక పార తీసుకుని పుంతలోంచి నడిచివెళ్ళాను. కప్పలు అరుస్తున్నాయి. బోదె గట్టుకి ఆయన చేను వైపు గండి కొట్టాను. కొట్టింది జానెడే. ఒక పెళ్ళ తీస్తే చాలు, మిగతాది నీళ్ళే తవ్వుకుంటాయి. గట్టు విరిగి జారే చప్పుడు వినగానే భయమేసి పరిగెత్తుకొచ్చి పడుకున్నాను. మెలకువగానే ఉన్నాను. చాలా గొప్పగా అనిపించింది.

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. తెల్లారేసరికి మెరకలో ఉన్న ఆయన ఆకుమడి ఆరిపోయి ఎప్పట్లాగే ఉంది. నీళ్ళు దాని మీంచి దొర్లి మామ్మ చేలో పడ్డాయి. ఆవిడ విత్తనం చల్లి రెండు రోజులే అయింది. తెల్లటి మొలకలు, ఇంకా వేరు పట్టలేదు. అన్నీ కొట్టుకొచ్చి మురుగుకాలవ మూల గుట్టగా చేరాయి. మోకాలి లోతు బురదలో వంగి మామ్మ వాటిని దోసిళ్ళతో ఎత్తి చేటలో పోస్తోంది. ఏడవడం లేదు. నన్ను చూసి, “ఒరేయ్ నాన్నా, ఈ చేట కాస్త పట్టుకో” అంది. పట్టుకున్నాను. మొలకలకి బురద అంటుకుని ఉంది. ఆవిడ ఒక్కో గుప్పెడూ నీళ్ళలో జాడించి చేటలో వేస్తూనే ఉంది. అవి మళ్ళీ నాటుకోవని నాకూ తెలుసు, ఆవిడకీ తెలుసు.

చెప్పలేదు. ఆవిడ పోయేవరకూ చెప్పలేదు.

ఇప్పుడు నేను భారతం చదివితే నాకు ముందు పల్లం చేలు కనిపిస్తాయి. సభలో ఆ రోజు కౌరవుల్లో ఒక్కడు లేచి ద్రౌపది అడిగింది న్యాయమేనన్నాడు, వికర్ణుడు. కానీ భీముడి ప్రతిజ్ఞ నూరుగురి మీదా ఉంది. యుద్ధంలో వికర్ణుణ్ణి కూడా చంపాడు, చంపి ఏడ్చాడు. యుద్ధమయ్యాక గాంధారి భీముణ్ణి అడిగింది, నూరుగురిలో తక్కువ తప్పు చేసినవాణ్ణి ఒక్కణ్ణయినా ఉంచకపోయావా అని. దుశ్శాసనుడి నెత్తురు తాగావట కదా అని కూడా అడిగింది. చిన్నోడా, నీ పద్యంలో వాడి రొమ్ము కొండంట, నెత్తురు సెలయేరంట. అంత గర్జించినవాడు ఆ తల్లి ముందు ఏమన్నాడో తెలుసా? నెత్తురు పెదవి దాటలేదమ్మా అన్నాడు. వచ్చే ఏడాది ఆ సీన్ కూడా వెయ్యమని మీ టీచర్‌ని అడుగు. చప్పట్లు పడవనుకో.

మరి అశ్వత్థామ? వాడి బాధ అబద్ధమా? తండ్రిని మోసంతో చంపారు, ధర్మరాజు చెప్పిన సగం అబద్ధం నమ్మి ద్రోణుడు ఆయుధం వదిలేశాడు. వాడి కోపం మా నీళ్ళ వంతంత న్యాయమైనదే. రాత్రి మర్రిచెట్టు కింద కూచుని, నిద్రపోతున్న కాకుల్ని గుడ్లగూబ చంపడం చూసి లేచాడు. వాడికి కావలసింది పాండవులు. చచ్చిపోయింది నిద్రలో ఉన్న ద్రౌపది అయిదుగురు పిల్లలు.

ఇక మీ సినిమా హీరోల సంగతి. వాడు దొంగసరుకు తోలతాడు, మనుషుల్ని కొడతాడు, అయినా వాడి చెల్లెల్ని ఎవరో చంపారంటే మనం వాడి వైపే. ఎందుకంటే సినిమావాడు మనల్ని ముందే ఆ చెల్లెలి ఇంటి గుమ్మంలో కూచోబెట్టాడు. చివర్లో హీరో గాల్లోకి ఎగరేసిన పాతికమందికీ ఇళ్ళుంటాయి, గుమ్మాలుంటాయి. కెమెరా అక్కడికి వెళ్ళదు. వ్యాసుడు గాంధారి గుమ్మంలోకి కూడా తీసుకెళ్ళాడు. నాకు ఆయనంటే గౌరవం అందుకే. సినిమా చూడొద్దని కాదురా. నేనూ ఈల వేస్తాను.

ఇంకో మాట. తప్పు చేసినవాడి పగ మామూలు పగకంటే పెద్దగా అరుస్తుంది. తన మీద తనకున్న కోపం కూడా ఎదుటివాడి ఖాతాలోనే రాసేస్తాడు. ఆ సభలో భీముడు అంత బలం ఉండీ కూచునే ఉన్నాడు. ఆ కూచున్నందుకు రగిలిన మంటెంత, దుశ్శాసనుడి మీద మంటెంత? నాకు మాత్రం మా నాన్న తల దించుకోవడమే గుర్తొస్తుంది.

అయితే ఏం చెయ్యాలి తాతయ్యా అంటారు. బోదెకి తూము ఉంటుంది. తూముకి తలుపుంటుంది. కావలసినంత ఎత్తుకోవచ్చు, చాలనుకుంటే దించొచ్చు. గండికి తలుపుండదు. పాండవులు ముందు తూము దగ్గరికే వెళ్ళారు. కృష్ణుణ్ణి రాయబారం పంపారు, అయిదూళ్ళిచ్చినా చాలన్నారు. కృష్ణుడు లాకుల దగ్గర తలుపులు తిప్పే లస్కరు లాంటివాడు. ఎవరికెంత నీళ్ళు వదలాలో ఆయనకి తెలుసు. దుర్యోధనుడు తుప్పుపట్టి బిగుసుకుపోయిన తలుపు. లస్కరు చేతుల్లో ఏముంది, ఎంత తిప్పినా అది కదల్లేదు. మరి తలుపు కదలకపోతే, చేను ఎండిపోతుంటే, రైతేం చేస్తాడు? గండే కొడతాడు.

చూశారా, నా పోలిక నాకే అడ్డం తిరిగింది. అరవై ఏళ్ళుగా దీన్ని నెత్తిన పెట్టుకు మోస్తున్నాను, ఇక్కడికొచ్చేసరికి ప్రతిసారీ ఇలాగే జారిపోతుంది. కొట్టక తప్పని గండి ఉంటుందేమో. ఉన్నా, కొట్టే ముందు దిగువన ఎవరి ఆకుమడి ఉందో నడిచి చూసిరావాలి. కొట్టాక పరిగెత్తుకెళ్ళి దుప్పటి కప్పుకోకుండా పార పట్టుకుని అక్కడే నిలబడాలి. అంతకుమించి నాకు తెలీదు బుజ్జమ్మా.

ద్రౌపదికి తెలుసేమో. భాగవతంలో అశ్వత్థామని కట్టి ఆవిడ ముందుకి తెస్తారు. అయిదుగురు పిల్లలు పోయిన తల్లి. వదిలెయ్యండి, నేను ఏడ్చినట్టు వీడి తల్లి కూడా ఏడవకూడదు అంటుంది. పోతనగారి పద్యాల్లో చదవాలి అది. భారతంలో మాత్రం ఆవిడ వాడి తలమీద మణి తెచ్చి చూపిస్తేనే గానీ శాంతించదు. రెండూ ఆవిడే. ఏది అసలు ద్రౌపది అని నన్నడక్కండి. కోపం వచ్చిన రోజు ఒకటి నిజమనిపిస్తుంది, తగ్గిన రోజు రెండోది.

దసరా సెలవులకి వస్తారుగా, అప్పటికింకా బోదెలో నీళ్ళుంటాయి. మా నాన్నా, ఆ అవతలాయనా కలిసి కొబ్బరి మట్టలు వేసి, మట్టి తొక్కి ఆ గండి పూడ్చారు. ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండానే పూడ్చారు. ఇప్పటికీ గట్టు అక్కడ కొంచెం కుంగి ఉంటుంది. ఏటా నీళ్ళు వదలగానే ముందు చెమ్మ తేలేది అక్కడే. పెద్దమామయ్యని వెంటబెట్టుకుని సాయంత్రం పూట వెళ్ళి చూడండి.

ఆ కుంగిన చోట ఎండ్రకాయల బొరియలుంటాయి, కప్పల కోసం ఒక నీరుకట్టె తిరుగుతుంటుంది. దానికి విషం లేదు, అయినా దూరంగానే నిలబడండి, రాళ్ళు వెయ్యకండి. నన్నయ్యగారి భారతం మొదట్లోనే రురుడని ఒకాయన ఉన్నాడు. తను పెళ్ళాడబోయే పిల్లని పాము కరిచిందని కనిపించిన పామునల్లా కొట్టి చంపుతూ తిరిగాడు. ఒకరోజు ఇలాంటి నీటిపాము మీదే కర్ర ఎత్తితే, నీకు నేనేం చేశాను నాయనా అని అది మాట్లాడిందట. మన బోదెలోది మాట్లాడదు. మీరు కదలకుండా ఉంటే ఒకసారి తలెత్తి చూసి నీళ్ళలోకి జారిపోతుంది. అది వెళ్ళాక నీళ్ళ మీద గీత ఎంతసేపుంటుందో లెక్కపెట్టి నాకు చెప్పండి.

మీ
తాతయ్య