1985 సెప్టెంబరు 5కి ముందు పెళ్ళయిన ఆడపిల్ల

భోగాపురం ఎయిర్‌పోర్టు పుణ్యమా అని చుట్టుపక్కల భూములకు రెక్కలొచ్చాక, విజయనగరం జిల్లా ఊళ్ళల్లో ఆడపడుచుల సంతకాల పేచీ మళ్ళీ మొదలైంది. కొనేవాళ్ళు ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ చూపించమంటున్నారు. అందులో అప్పచెల్లెళ్ళ పేర్లుంటాయి. నిన్నటిదాకా ఎవరికీ గుర్తురాని పేర్లు.

దీనికి కన్యాశుల్కం రోజుల నుంచీ మొదలుపెట్టక్కర్లేదు. విజయనగరం వాళ్ళకు ఆ కథ చెప్పేదేముంది! 1956 హిందూ వారసత్వ చట్టం కూడా ఒక్క లెక్కతో అయిపోతుంది. పిత్రార్జితం నాలుగెకరాలు, ఒక కొడుకు, ఒక కూతురు, తల్లి ముందే పోయింది అనుకోండి. కొడుక్కి పుట్టుకతోనే రెండెకరాలు. తండ్రి పోయాక ఆయన రెండెకరాల్లో సగం కూతురికి. అంటే అన్నకు మూడు, చెల్లికి ఒకటి. ఆ ఒక్కటీ ఎంతమంది చేతికి వచ్చిందో ఊళ్ళో ఎవరినడిగినా చెప్తారు.

అసలు మలుపు 1985 సెప్టెంబరు 5. ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ ఆ తేదీ నుంచి వర్తించింది. కొడుకులాగే కూతురూ పుట్టుకతో వాటాదారు అంది. తమిళనాడుకు ఆ పని చేయడానికి 1989 దాకా, కర్ణాటక, మహారాష్ట్రలకు 1994 దాకా పట్టింది. గొప్పే. కానీ అందులోనే ఒక గీత గీశారు: ఆ తేదీకి ముందు పెళ్ళయినవాళ్ళకు ఇది లేదు.

మా పెద్ద మేనత్త పెళ్ళి 1984 వైశాఖంలో, చిన్న మేనత్త పెళ్ళి 1986లో. ఒకే ఇంట్లో పుట్టిన ఇద్దరిలో ఒకరికి హక్కు, ఇంకొకరికి లేదు. హక్కున్న చిన్నత్త కూడా ఏనాడూ అడగలేదు. పోయినేడు రిలీజు డీడు (వాటా వదులుకుంటున్నానని రాసిచ్చే దస్తావేజు) మీద సంతకం పెట్టి, పట్టుచీర కవరు పట్టుకుని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు మెట్లు దిగింది. "భూమి అడిగితే కన్నోరింటి గుమ్మం మూసుకుపోద్దమ్మా" అంది నాతో. పెద్దత్త మాత్రం ఇంకా పెట్టలేదు.

కట్నాలిచ్చాం, ముసలాళ్ళను చూసుకున్నాం అంటారు అన్నదమ్ములు. నిజమే. అయితే కట్నం వెళ్ళింది అల్లుడి చేతికి. ముసలాళ్ళ మంచం దగ్గర కూర్చున్నది కోడలు. ఆవిడా తన కన్నోరింట్లో వాటా వదులుకుని వచ్చిన మనిషే.

2005 సెప్టెంబరు 9న కేంద్ర సవరణ ఆ పెళ్ళి గీతను చెరిపేసింది. ఆ రోజుకి తండ్రి బతికుండాలా అన్నదాని మీద పదిహేనేళ్ళు కోర్టుల్లో నలిగాక, అక్కర్లేదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. (సీతంపేట ఏజెన్సీలో సవర, జాతాపు గిరిజన ఆడవాళ్ళకు ఈ చట్టమే వర్తించదు. అది ఇంకో కథ.)

ఇప్పుడు పేచీ అంతా ఆ కేంద్ర సవరణే గడువుగా పెట్టిన 2004 డిసెంబరు 20 చుట్టూ. ఆలోపు రిజిస్టరు దస్తావేజుతోనో కోర్టు డిక్రీతోనో జరిగిన పంపకాన్ని కదపరు. నోటిమాటతో పంచుకున్నామంటే, ప్రభుత్వ రికార్డుల్లో గట్టి ఆధారం ఉంటే తప్ప మామూలుగా ఒప్పుకోరు. మా ఇంటి ట్రంకుపెట్టెలో 1991 నాటి తెల్లకాగితం ఒకటుంది. ఊరి పెద్దల వేలిముద్రలు ఐదు, అన్నదమ్ముల సంతకాలు మూడు. రెండోది మా నాన్నది.