డాకర్ రీస్టార్ట్ పాలసీ: కరెంటు పోయే ఊళ్లలో అపోహలు - వాస్తవాలు

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ల్యాబులకు, మందుల షాపులకు చిన్న సర్వర్లు పెట్టి చూసుకుంటాను. వాటిలో ప్రోగ్రాములు డాకర్‌లో నడుస్తాయి. ఒక్కో ప్రోగ్రామును విడి డబ్బాలో (దాన్నే కంటెయినర్ అంటారు) పెట్టి నడిపే సాఫ్ట్‌వేర్ అది. ఆగిన కంటెయినర్‌ను మళ్లీ ఎప్పుడు లేపాలో చెప్పే సెట్టింగే రీస్టార్ట్ పాలసీ. గాలి కాస్త గట్టిగా వీస్తే కరెంటు పోయే చోట్లు కాబట్టి రోజూ వినే మాటలివి.

అపోహ: పాలసీగా ఆల్వేస్ పెట్టినా, అన్‌లెస్-స్టాప్డ్ పెట్టినా ఒకటే.

వాస్తవం: క్రాష్ అయితే రెండూ ఒకేలా లేపుతాయి. మనం చేత్తో ఆపితేనే తేడా. డాకర్ స్టాప్ కొడితే అప్పటికి రెండూ ఊరుకుంటాయి. డాకర్ సర్వీసు మళ్లీ మొదలైనప్పుడు ఆల్వేస్ లేపుతుంది, అన్‌లెస్-స్టాప్డ్ లేపదు. అన్‌లెస్-స్టాప్డ్ పెట్టిన షాపులో కౌంటర్ కుర్రాడు రాత్రి డాకర్ స్టాప్ కొట్టి, సిస్టమ్ షట్‌డౌన్ చేసి వెళ్తాడు. పొద్దున్న బిల్లింగ్ తెరుచుకోదు. "పద్ధతిగానే ఆపేను గదన్నా, మరి లేవదేటి?" అంటూ ఫోను. కరెంటు పోయి సిస్టమ్ ఠక్కున ఆరిపోయిన రోజు మాత్రం అదే కంటెయినర్ శుభ్రంగా లేస్తుంది, ఎందుకంటే దాన్ని ఎవరూ ఆపమనలేదు. ఇంటికెళ్లేటప్పుడు షట్‌డౌన్ ఒక్కటీ చాలు, స్టాప్ జోలికి పోవద్దు.

అపోహ: పాలసీ పెట్టేశాం, ఇక కరెంటు వచ్చాక అన్నీ వాటంతటవే వస్తాయి.

వాస్తవం: ముందు మిషన్ ఆన్ అవ్వాలి. దానికి బయాస్‌లో (మిషన్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రాములో) వేరే సెట్టింగ్ ఉంటుంది. తర్వాత డాకర్ సర్వీసు బూట్‌తో పాటే మొదలయ్యేలా ఎనేబుల్ చేసి ఉండాలి. కంటెయినర్ వంతు ఆ తర్వాతే. ఆన్-ఫెయిల్యూర్ అనే ఇంకో పాలసీని ఈ పనికి నమ్ముకోకండి. అది సున్నా కాని ఎగ్జిట్ కోడ్‌తో, అంటే ఏదో తప్పు జరిగి పడిపోయిన వాటి కోసం.

అపోహ: హెల్త్‌చెక్ (లోపలి ప్రోగ్రాము సరిగ్గా పని చేస్తోందా అని చూసే పరీక్ష) ఫెయిలైతే డాకర్ రీస్టార్ట్ చేస్తుంది.

వాస్తవం: చేయదు. అన్‌హెల్దీ అని రాసి పెడుతుంది, అంతే. లోపలి ప్రాసెస్ చస్తేనే పాలసీ కదులుతుంది. స్వార్మ్ (చాలా మిషన్లను కలిపి నడిపే డాకర్ పద్ధతి) సంగతి వేరు.

అపోహ: రీస్టార్టింగ్ అని కనిపిస్తోందంటే కాసేపట్లో సర్దుకుంటుంది.

వాస్తవం: పడుతూ లేస్తూ ఉందని అర్థం. 100 మిల్లీసెకన్ల ఎడంతో మొదలై, పడిన ప్రతిసారీ రెట్టింపవుతూ నిమిషం దాకా పోతుంది. ఎదురుచూడటం దండగ, లాగ్ తెరవండి. ఎగ్జిట్ కోడ్ 137 అయితే బయటినుంచి చంపేశారన్నమాట. డాకర్ ఇన్‌స్పెక్ట్ కొడితే వచ్చే వివరాల్లో ఓఓఎమ్‌కిల్డ్ ట్రూ అని ఉంటే ర్యామ్ చాలలేదు. పాత మిషన్లలో నాకు ఎక్కువగా తగిలేది ఇదే.

పాలసీ మార్చడానికి కంటెయినర్ తీసేయనక్కర్లేదు. నడుస్తుండగానే డాకర్ అప్‌డేట్‌తో మార్చొచ్చు. కంపోజ్ ఫైల్లో (కంటెయినర్ల సెట్టింగులు రాసి పెట్టుకునే ఫైలు) మార్చినవాళ్లు మాత్రం కంపోజ్ రీస్టార్ట్‌తో సరిపెట్టకుండా మళ్లీ కంపోజ్ అప్ కొట్టాలి.