ప్రజాప్రతినిధికి పంపిన ఈమెయిల్ ఎక్కడికి వెళ్తుంది?

చిరంజీవులకు ఆశీస్సులు.

మీ ముగ్గురూ కలిసి రాసిన ఉత్తరం చదివాను. బడి ఎదుట రోడ్డు దాటేచోట సిగ్నల్ దీపం పెట్టించమని మీ పార్లమెంటు సభ్యురాలికి ఈమెయిల్ పంపామనీ, తరగతిలో మిగిలిన వాళ్లందరి చేతా అదే ఈమెయిల్‌ను మక్కికి మక్కి పంపించామనీ, వెంటనే వచ్చిన ‘మీ సందేశం అందింది’ అన్న జవాబు తప్ప నెల దాటినా మరో ముక్క రాలేదనీ రాశారు. ఇంటర్నెట్‌లో పంపినవి అసలు ఎవరైనా చదువుతారా అని అడిగారు. చదువుతారు. ఎవరు చదువుతారో, చదివి ఏం చేస్తారో తెలిస్తే మీరు రెండోసారి రాసే ఉత్తరం మొదటిదానిలా ఉండదు కాబట్టి, కొంచెం పొడుగైనా వివరంగానే జవాబు రాస్తున్నాను.

వెంటనే వచ్చిన ఆ జవాబును మనిషి రాయలేదు. అది కంప్యూటరు ఇచ్చిన రసీదు. మీ ఈమెయిల్‌ను ముందుగా తెరిచేది కూడా సభ్యురాలు కాదు, ఆమె కార్యాలయ సిబ్బంది. వేలమంది, లక్షలమంది తరఫున చట్టసభలో కూర్చునే మనిషికి రోజూ వచ్చే సందేశాలన్నీ స్వయంగా చదవడం సాధ్యం కాదు. చదువుతున్నానని ఎవరైనా చెబితే నేను నమ్మను. సిబ్బంది చూసే మొదటి సంగతి మీ చిరునామా, ఎందుకంటే ఆమె జవాబు చెప్పుకోవలసింది తన నియోజకవర్గం వాళ్లకు. బయటివాళ్లు రాస్తే వాళ్ల సొంత ప్రతినిధికి రాసుకోమని చెప్పడమే చాలాచోట్ల ఆనవాయితీ. ఆ తరువాత, రాసినది సొంత కష్టమా లేక ఏదైనా బిల్లు మీద, విధానం మీద అభిప్రాయమా అని విడదీస్తారు. ఆగిపోయిన పింఛను, తేలని దరఖాస్తు వంటి సొంత కష్టమైతే సంబంధిత శాఖకు లేఖ వెళ్తుంది. అభిప్రాయమైతే అనుకూలం ఎందరు, వ్యతిరేకం ఎందరు అన్న లెక్కలో చేరుతుంది. మీ తరగతి పంపిన నలభై ఈమెయిళ్లూ బహుశా ఈ రెండో గంపలో పడి, ‘సిగ్నల్ దీపం: 40’ అన్న ఒక్క వరుసగా మిగిలి ఉంటాయి.

మీరు నొచ్చుకుంటారని తెలిసినా చెప్పక తప్పదు: నలభైమంది ఒకే పాఠాన్ని పంపడం వల్ల మీ బలం పెరగలేదు, తగ్గింది. బ్రిటన్‌లో మైసొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ నడిపే ‘రైట్ టు దెమ్’ అనే వెబ్‌సైటు ఉంది. పోస్టు కోడు ఇస్తే మన ప్రతినిధులెవరో చూపించి, అక్కడే రాసిన ఉత్తరాన్ని వాళ్లకు చేరవేస్తుంది. (అంతకు ముందు, 2000లో మొదలైన ‘ఫాక్స్ యువర్ ఎంపీ’ ఇంకా తమాషాగా ఉండేది. ఈమెయిల్ అలవాటు లేని సభ్యులు ఎక్కువగా ఉన్న రోజులవి కనుక, జనం కంప్యూటరులో టైపు చేసిన ఉత్తరం సభ్యుడి కార్యాలయంలో ఫాక్సు కాగితమై బయటికి వచ్చేది.) ప్రజలను ప్రతినిధులతో కలపడానికే పుట్టిన ఆ ‘రైట్ టు దెమ్’, ఒకే పాఠాన్ని పదిమంది అతికించి పంపబోతే మాత్రం ఆపేస్తుంది. అలాంటి మందలో పడి నిజంగా కూర్చుని రాసినవాళ్ల ఉత్తరాలు కూడా విలువ కోల్పోతాయని దాని నిర్వాహకుల భయం. ఆ భయం సరైనదేనని నా అభిప్రాయం. అన్నట్టు, ఉత్తరం పంపిన రెండు వారాలకు ‘జవాబు వచ్చిందా?’ అని రాసినవారిని అడిగే అలవాటు కూడా దానికి ఉంది. పంపించడంతో పని అయిపోలేదని గుర్తుపెట్టుకున్న ఏర్పాటు అది.

సంఖ్యను చూపించి మెప్పించాలన్న కోరిక ఇంటర్నెట్‌తో పుట్టినది కాదు. 1848లో లండన్‌లో చార్టిస్టులు అనే ఉద్యమకారులు, వయోజన పురుషులందరికీ ఓటు హక్కు కావాలని పార్లమెంటుకు ఒక మహా అర్జీ సమర్పించి, అందులో 57 లక్షల సంతకాలున్నాయని ప్రకటించారు. సభ గుమాస్తాలు కూర్చుని లెక్కపెడితే 20 లక్షలు కూడా తేలలేదు. పైగా వాటిలో విక్టోరియా రాణి పేరు, వెల్లింగ్టన్ డ్యూక్ పేరు కనిపించాయి. కోరిక న్యాయమైనదే, వాళ్లు అడిగిన ఆరింటిలో అయిదు తరువాతి కాలంలో చట్టాలయ్యాయి కూడా. కానీ ఆ రోజున మాత్రం దొంగ సంతకాల ముచ్చటే మిగిలి, నిజంగా సంతకం పెట్టిన లక్షలమంది నవ్వులపాలయ్యారు. ఇంటర్నెట్ ఆ పనిని ఎంత సులువు చేసిందో 2017లో అమెరికాలో బయటపడింది. ఇంటర్నెట్ కంపెనీలు అన్ని వెబ్‌సైట్లనూ సమానంగా చూడాలన్న నిబంధనల రద్దు మీద, అక్కడి సమాచార రంగ నియంత్రణ సంస్థ అయిన ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ ప్రజాభిప్రాయం కోరితే 2.2 కోట్లకు పైగా వ్యాఖ్యలు వచ్చిపడ్డాయి. వాటిలో దాదాపు 1.8 కోట్లు నకిలీవని న్యూయార్క్ రాష్ట్ర అటార్నీ జనరల్ 2021లో తేల్చారు. ఒక్క కాలేజీ కుర్రవాడే కంప్యూటరు చేత లేనిపోని పేర్లు పుట్టించి 77 లక్షలు పంపాడు. ఆ కమిషన్ ఎన్నికైన సభ కాదు, నిజమే. అయినా అంత గుట్టలో అసలు మనుషుల మాటలను ఎవరు వెతికి తీయగలరు? అందుకే సిబ్బంది చిరునామా అడిగినప్పుడు అది వేధింపు అనుకోకండి. మీరు నిజంగా ఉన్నారని, అక్కడే ఉన్నారని నిరూపించుకోవడానికి మీ దగ్గరున్న ఆధారం అదే.

సంఖ్యకే విలువనిచ్చే దారి వేరే ఉంది. అది నియమాలు రాసిపెట్టుకున్న ఈ-పిటిషన్ దారి. ఫిన్లాండ్‌లో 2012 నుంచి, ఓటు హక్కున్న పౌరులు 50,000 మంది ఆరు నెలల్లోగా మద్దతు తెలిపితే ఆ ప్రతిపాదనను పార్లమెంటు చేపట్టవలసిందే. మద్దతును ఇంటర్నెట్‌లో తెలపవచ్చు, కానీ బ్యాంకు ఖాతాలోకి వెళ్లేటప్పటిలాగే గుర్తింపు రుజువు చేసుకోవాలి. స్వలింగ వివాహాలకు చట్టబద్ధత కోరుతూ అలా 1,60,000 మందికి పైగా మద్దతుతో వచ్చిన ప్రతిపాదనను 2014లో పార్లమెంటు ఆమోదించింది. అక్కడ పౌరుల ప్రతిపాదన చట్టం దాకా వెళ్లడం అదే మొదటిసారి. బ్రిటన్ పార్లమెంటు పిటిషన్లకు 10,000 సంతకాలు వస్తే ప్రభుత్వం జవాబివ్వాలి, లక్ష దాటితే సభలో చర్చకు పరిశీలిస్తారు. యూరోపియన్ యూనియన్ నుంచి వైదొలగే నిర్ణయాన్ని వెనక్కి తీసుకోవాలన్న పిటిషన్‌కు 2019లో 60 లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి, చర్చా జరిగింది, నిర్ణయం మాత్రం మారలేదు.

అంతమంది అడిగినా కాదనవచ్చా అని మీకు కోపం రావచ్చు. కాదనవచ్చు. మన ప్రతినిధి మన మాటను మోసుకెళ్లే తపాలా మనిషి కాదన్న వాదన చాలా పాతది. 1774లో బ్రిటన్ రాజకీయవేత్త ఎడ్మండ్ బర్క్ తనను గెలిపించిన బ్రిస్టల్ నగర ఓటర్లతో, సభ్యుడు మీకు తన కష్టాన్నే కాక తన విచక్షణను కూడా బాకీ ఉన్నాడన్న అర్థం వచ్చేలా మాట్లాడాడు. ఆరేళ్ల తరువాత అక్కడ గెలవలేనని తెలుసుకుని పోటీ నుంచి తప్పుకున్నాడు. సభ్యుడికి తన బుద్ధి వాడే స్వేచ్ఛ, జనానికి అతన్ని మార్చే స్వేచ్ఛ, రెండూ ఉండాలనే నేను ఇప్పటికీ అనుకుంటాను. కాకపోతే ఆ విచక్షణకు సరుకు అందించవలసింది మనం. సిగ్నల్ లేక ఇబ్బందిగా ఉందన్న వాక్యం ఆమెకు ఏమీ నేర్పదు. బడి వదిలే వేళకే బరువు లారీలు ఆ దారిన వస్తున్నాయనీ, చిన్న తరగతుల పిల్లలు ఎన్ని నిమిషాలు అంచున నిలబడుతున్నారో వారం రోజులు గడియారం పెట్టి రాసుకున్నామనీ, ఆ పట్టిక ఇదిగో అనీ పంపితే, ఆ కాగితాన్ని గంపలో వేయలేక సిబ్బందిలో ఎవరో ఒకరు ఆమె బల్ల మీద పెడతారు.

ఇంటర్నెట్ మన మాటను వాళ్లకు చేర్చడానికే కాదు, వాళ్ల పనిని మనకు చూపించడానికి కూడా ఉంది. నా దృష్టిలో రెండోదే పెద్ద మేలు. 1995లో అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం ‘థామస్’ అన్న పేరుతో బిల్లుల పాఠాలను ఇంటర్నెట్‌లో అందరికీ అందుబాటులో పెట్టింది. అంతకు ముందు అవి కావాలంటే పెద్ద గ్రంథాలయాలకో, సభ చుట్టూ తిరిగేవాళ్ల దగ్గరకో వెళ్లవలసి వచ్చేది. ఇప్పుడు ఎన్నో చట్టసభలు చర్చల పాఠాలు, ప్రశ్నలు, ఓటింగు వివరాలు తమ వెబ్‌సైట్లలో ఉంచుతున్నాయి. మళ్లీ రాసేముందు రహదారి భద్రత మీద మీ సభ్యురాలు ఇదివరకు ఏమన్నా మాట్లాడారా, ఏ వైపు ఓటు వేశారు అని వెతకండి. ‘ఫలానా చర్చలో మీరు ఇలా అన్నారు, ఆ మాట మా బడి ఎదుట ఎప్పుడు అమలవుతుంది?’ అన్న ప్రశ్నను తప్పించుకోవడం కష్టం.

మరో సంగతి ముందే అడగవలసింది, ఇప్పుడు గుర్తొచ్చింది. ఆ సిగ్నల్ పెట్టే అధికారం ఎవరిది? చాలా దేశాల్లో వీధిలోని సిగ్నల్ దీపం నగరపాలక సంస్థ పని. పార్లమెంటు సభ్యురాలు మీ తరఫున వాళ్లకు ఉత్తరం రాయగలరే కానీ దీపం పెట్టించే అధికారం ఆమెకు ఉండకపోవచ్చు. ముందు నగరపాలక సంస్థ వెబ్‌సైటులో మీ వార్డు సభ్యులెవరో చూసి వాళ్లకు రాయండి, ప్రతి ఒక్కటి పార్లమెంటుకు పంపకండి. సామాజిక మాధ్యమాల్లో ఆమె ఫోటో కింద పెట్టే వ్యాఖ్యను అర్జీ అనుకోకండి, దాన్ని ఎవరూ నమోదు చేయరు. చిరునామా, ఫోన్ నంబరు కార్యాలయం ఇచ్చిన దరఖాస్తులోనే రాయాలి, నలుగురూ చూసేచోట ఎప్పుడూ రాయకూడదు.

ఇంట్లో ఇంటర్నెట్ లేని పిల్లలు మీ తరగతిలో ఉంటే వాళ్లు ఆ రోడ్డు గురించి చెప్పేది కూడా రాసుకోండి. కనెక్షన్ ఉన్నవాళ్ల గొంతే ప్రజల గొంతు అనుకునే పొరపాటు ప్రతినిధులు ఎలాగూ చేస్తున్నారు, మీరూ చేయకండి.

ఈసారి ఎవరి ఉత్తరం వాళ్లు రాసి, పంపేముందు నాకు ఒక ప్రతి పంపండి. విషయంలో వేలు పెట్టను. ‘ఘోరమైన’, ‘దారుణమైన’ అన్న మాటలు మాత్రం కొట్టేస్తాను. మూడు వారాల్లో జవాబు రాకపోతే మొదటి ఉత్తరం తేదీ వేసి రెండోది రాద్దాం.

ఇట్లు,
మీ తాతయ్య