దద్దుర్లు లేని దురద: పైత్యరస నాళాల జబ్బుపై అపోహలు - వాస్తవాలు

అపోహ: లివర్ జబ్బు తాగేవాళ్లకే వస్తుంది.

ఓ యాభై ఏళ్ల ఆవిడ కూర్చోగానే అన్న మొదటి మాట, "నేను ఏనాడూ మందు ముట్టలేదు డాక్టర్ గారూ". ఆ సంజాయిషీ ఆవిడ ఇచ్చుకోవాల్సి రావడమే నాకు బాధ. ఆవిడది ప్రైమరీ బిలియరీ కోలాంజైటిస్, పీబీసీ. ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థే లివర్‌లోని సన్నటి పైత్యరస నాళాలను దెబ్బతీస్తుంది. ఎక్కువగా నడివయసు ఆడవాళ్లకే వస్తుంది. ఇదివరకు దీని పేరులోనే సిరోసిస్ (లివర్ మచ్చలు పడి గట్టిపడటం) అనే మాట ఉండేది. చాలామందికి సిరోసిస్ లేకుండానే ఆ ముద్ర పడుతోందని 2015లో పేరు మార్చారు.

అపోహ: దురదైతే చర్మం డాక్టర్ దగ్గరికే వెళ్లాలి.

ఆవిడ రెండేళ్లు పూతమందులు రాసుకున్నారు. చేతుల మీద దద్దుర్లు లేవు, ఉన్నవన్నీ గోళ్ల గీతలే. రాత్రయితే అరికాళ్ల దురద ఆగక, లేచి వెళ్లి చల్లటి బండ మీద నిలబడేవారట. ఇలాంటి మాట వింటే ముందు ఏఎల్‌పీ రాస్తాను, పైత్యరసం సాఫీగా పారకపోతే పెరిగే ఎంజైమ్‌ను చూసే రక్తపరీక్ష అది. కళ్లు పచ్చబడకపోయినా, కామెర్లను చూపే బిలిరుబిన్ నార్మల్‌గా ఉన్నా ఏఎల్‌పీ పెరిగి ఉండొచ్చు. ఎముకల జబ్బులోనూ ఏఎల్‌పీ పెరుగుతుంది కాబట్టి, అది లివర్ నుంచే వచ్చిందా అని తేల్చుకోవడానికి జీజీటీ అనే మరో రక్తపరీక్ష కూడా చూస్తాం. ఆ తర్వాత ఏఎంఏ అనే రక్తపరీక్ష. పీబీసీ ఉన్న 100 మందిలో 90 మందికి పైగా అది పాజిటివ్ వస్తుంది. స్కానింగ్‌లో నాళాలకు అడ్డేమీ లేకపోతే చాలామందికి బయాప్సీ (లివర్ ముక్క తీసి చూడటం) అక్కర్లేదు.

అపోహ: ఉర్సో (ఉర్సోడీఆక్సీకోలిక్ యాసిడ్) మాత్ర పిత్తాశయంలో రాళ్లు కరగడానికే.

"మీకు రాళ్లు లేవు కదా, ఇదెందుకు?" అని ఎవరో అనగానే మానేసిన వాళ్లను చూశాను. దయచేసి మానకండి. పీబీసీకి మొదటి మందు ఇదే. కిలో బరువుకు రోజుకు 13 నుంచి 15 మిల్లీగ్రాములు, అంటే 60 కిలోల మనిషికి 780 నుంచి 900. జీవితాంతం వాడాలి. దురద మాత్రం దీంతో పెద్దగా తగ్గదు, దానికి కొలెస్టిరమిన్ పొడి ఇస్తాం. రెంటికీ మధ్య నాలుగు గంటల తేడా ఉండాలి. ఏడాదికి కూడా ఏఎల్‌పీ సరిగ్గా దిగకపోతే రెండో మందు కలుపుతాం.

అపోహ: ఆటోఇమ్యూన్ జబ్బు (సొంత రోగనిరోధక వ్యవస్థే ఒంటిని దెబ్బతీసేది) అంటే స్టెరాయిడ్లే.

పైత్యరస నాళాలకే వచ్చే మరో జబ్బు, ఐజీజీ4 కోలాంజైటిస్‌కి అవి బాగా పనిచేస్తాయి. ఒక్క పీబీసీయే ఉంటే వాటితో లాభం లేదు, ఎముకలు ఇంకా గుల్లబారతాయి.

అపోహ: కామెర్లకు పసరు చాలు.

హెపటైటిస్ ఎ, ఇ కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి, పేరు పసరుకు వస్తుంది. పీబీసీ అలా తగ్గదు. ఆవిడ ముంజేతి మీద వాత మచ్చ కూడా ఉంది. ఆ వాత పెట్టించుకున్న రోజే ఒక్క ఏఎల్‌పీ చేయించి ఉంటే, మందు రెండేళ్లు ముందే మొదలయ్యేది.