బజారుకు ఏ వేళకు బయల్దేరతారు?

రోడ్ల రద్దీ లెక్కలు కట్టేవాళ్లకు, ఆఫీసుకెళ్లేవాళ్లు ఎప్పుడు బయల్దేరతారో అంచనా కట్టడం కొంత తేలిక. చేరాల్సిన వేళ ఖాయం. ముందే చేరితే కొంత నష్టం, ఆలస్యమైతే అంతకు మించిన నష్టం. 1969లో ఆర్థికవేత్త విలియం వికరీ రద్దీని లెక్కగట్టింది ఈ దారిలోనే. బెజవాడ బీసెంట్ రోడ్డుకు చీరలు కొనడానికి వెళ్లేవాళ్ల దగ్గర ఈ లెక్క సాగదు. ఆలస్యమైందని అక్కడ అడిగేదెవరు?

అందుకని రోజును గంటల ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు మార్కులు వేస్తారు. దారిలో పట్టే సమయం, ఎండ, పిల్లలు బడి నుంచి వచ్చే వేళ అన్నీ అందులో కలుస్తాయి. కొట్లు మూసి ఉండే గంటలను మొదటే తీసేయాలి. ఎక్కువ మార్కులొచ్చిన గంటకు ఎక్కువ జనం. ఇదే లాజిట్ నమూనా. ఎండాకాలం మధ్యాహ్నానికి విడిగా ఒక గుణకం (మార్కుల్లో ఆ అంశానికి ఎంత బరువో చెప్పే అంకె) పెట్టకపోతే, మే నెలలో రెండింటికి జనాన్ని వన్‌టౌన్‌కు తోలేస్తుంది!

అసలు చిక్కు వేరే ఉంది. ఉదయం పదింటికి 30 శాతం, సాయంత్రం ఐదింటికి 30, ఆరింటికి 40 శాతం బయల్దేరతారనుకుందాం. ఆరింటికి దారి మూసేస్తే, సాదా లాజిట్ ఆ 40ని ఉదయానికి 20, ఐదింటికి 20 చొప్పున పంచేస్తుంది. నిజానికి ఆరింటివాళ్లలో ఎక్కువమంది జరిగేది పక్క గంటకే. పక్కపక్క గంటలకు పోలిక ఎక్కువని చెప్పే నమూనాను ఆర్థికవేత్త కెన్నెత్ స్మాల్ 1987లో ఇచ్చాడు. ఈ పనికి అదో, ఆ కోవలోదో వాడాలి.

ఎన్నింటికి బయల్దేరారని జనాన్ని అడిగే సర్వేలో ఇంకో తిరకాసు. 5.50కి బయల్దేరినా, 6.10కి బయల్దేరినా "ఆరింటికండీ" అనే చెబుతారు. ముక్క సరిహద్దు సరిగ్గా ఆరు దగ్గర గీస్తే, 5.50కి వెళ్లినవాళ్లు తర్వాతి గంటలో పడతారు. 5.30 నుంచి 6.30 వరకు ఒక ముక్క అనుకుంటే ఆరు నడిమధ్యకు వస్తుంది. కాకపోతే అరగంటలు చెప్పేవాళ్లు అంచు మీద పడతారు; 5.45 నుంచి 6.45 వరకు కోస్తే ఆరు, ఆరున్నర రెండూ లోపలే ఉంటాయి. ఆఫీసు నుంచి వస్తూ దారిలో కొనుక్కెళ్లేవాళ్లను వేరుచేయాలి. వాళ్ల వేళను నిర్ణయించేది ఆఫీసు, బజారు కాదు.

జనం ఎంచుకోని గంటల్లో ప్రయాణానికి పట్టే సమయం కూడా కావాలి. బెజవాడలో రద్దీ కూడలి బెంజి సర్కిల్ దాటడానికి సాయంత్రం పట్టినంతసేపే ఉదయమూ పడుతుందని రాసేస్తే రద్దీ గుణకం తప్పుతుంది. ఆ తప్పును ఒక్కో గంటకు పెట్టిన స్థిరాంకం, అంటే మిగిలిన తేడాను సర్దడానికి మార్కులకు కలిపే అంకె, మింగేస్తుంది. నమూనా నిన్నటి వాటాలను తు.చ. తప్పకుండా అప్పజెబుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. పరీక్ష సులువే: ఆరు గంటల ముక్కలో ప్రయాణ సమయాన్ని 10 నిమిషాలు పెంచి మళ్లీ నడపాలి. జనం కదలకపోయినా, కదిలి ఉదయానికి పోయినా, గుణకాలు మళ్లీ కట్టాల్సిందే.